సాంచాల ఊళ్లో బ్యాండు మేళం

సూరత్‌ లింబాయత్‌లో తెలుగువాళ్లు కాస్త గట్టిగానే మాట్లాడుకుంటారు. అది కోపం కాదు, అలవాటు. పన్నెండు గంటల పాళీ మరమగ్గాల మధ్య నిలబడి వచ్చిన మనిషికి ఇంటికి చేరాక కూడా చెవుల్లో టకటకలు ఆగవు. సిరిసిల్లలో లాగే ఇక్కడా మరమగ్గం పేరు సాంచానే. రైలు పట్టాలకు తూర్పున ఉన్న ఈ పేటలో సాంచాల చప్పుణ్ని మించి మోగేది ఏడాదికి ఒక్కసారే వస్తుంది. అది జంధ్యాల పౌర్ణమినాడు మార్కండేయుడి ఊరేగింపు ముందు నడిచే బ్యాండు మేళం.

సూరత్‌ అంతటా ఆ రోజు రాఖీల సందడే. పద్మశాలీలకు మాత్రం అది కులగురువు పండగ. మార్కండేయుడి కొడుకు భావనారుషి తామర తూడు దారంతో తొలి వస్త్రం నేశాడని వారి నమ్మకం. పొద్దున్నే జంధ్యాలు మార్చుకున్న నేతగాళ్లు ఇస్త్రీ చొక్కాల్లో వీధిలోకొస్తారు. రథం ముందు జెండాలు, జెండాల ముందు యూనిఫాం కోట్ల బ్యాండు. ట్రంపెట్లు, క్లారినెట్లు, మెడకు వేలాడే డ్రమ్ములు. వాయించేవాళ్లు ఏ భాషవాళ్లైనా, తెలుగు గల్లీ మలుపు తిరగ్గానే ఓ పాత తెలుగు సినిమా పాట అడిగి వాయించుకునే పెద్దాయన ఒకరు తప్పకుండా ఉంటారు. బ్యాండు మాస్టరుకు ఆ పాట రాకపోతే ఆయనే రాగం తీసి వినిపిస్తారు. రెండు చరణాలు తప్పినా ఎవరూ పట్టించుకోరు.

ఈ ఇత్తడి బాకాలు మనవి కావు. బ్రిటిష్‌ పటాలాల వెంట దేశంలోకి వచ్చాయి. కవాతు మైదానాల నుంచి సంస్థానాధీశుల కొలువుల్లోకి, అక్కడి నుంచి పెళ్లి ఊరేగింపుల్లోకి చేరాయి. మీరట్‌లో 1885లో మొదలైన నాదిర్‌ అలీ కంపెనీ, దాని చుట్టూ పెరిగిన జాలీ కోఠీ బజారు బాకాల తయారీకి దేశమంతా పేరు మోశాయి. సన్నాయి ఉండాల్సిన చోట క్లారినెట్‌ వచ్చి కూర్చుంది. ఇప్పుడు దాన్ని పరాయి వాయిద్యం అంటే పెళ్లివారే నవ్వుతారు.

ఒకే పరిశ్రమ మీద బతికే ఊరికీ ఇత్తడి బ్యాండుకూ ఉన్న చుట్టరికం బ్రిటన్‌లోనే గట్టిగా కనిపిస్తుంది. వేల్స్‌లోని మెర్థిర్‌ టిడ్‌ఫిల్‌లో ఇనుప కర్మాగారం యజమాని రాబర్ట్‌ థాంప్సన్‌ క్రాషే 1838లోనే సొంత బ్యాండు పెట్టాడు. బొగ్గు గనుల రోండా లోయలో, టాన్‌ పెంట్రె అనే ఊళ్లో, 1884లో మద్యపాన వ్యతిరేక బ్యాండు ఒకటి పుట్టింది. పదకొండేళ్ల తర్వాత గని యజమాని క్లిఫర్డ్‌ కోరీ దాని వాయింపు విని ముచ్చటపడి డబ్బిచ్చాడు. బ్యాండు ఆయన పేరు పెట్టుకుంది. ఆ లోయలో చివరిదైన మైర్డీ గని 1990లో మూతపడింది. కోరీ బ్యాండు మాత్రం ప్రపంచంలోని మేటి బ్రాస్‌ బ్యాండ్లలో ఒకటిగా ఇప్పటికీ మోగుతోంది.

లింబాయత్‌కు కోరీ లాంటి యజమాని దొరకలేదు. ఇక్కడ బ్యాండుకు డబ్బులు కులసంఘం చందాలే. అంతకన్నా పెద్ద ఖర్చు ఎవరి ఖాతాలోకీ ఎక్కదు. నేసిన మీటర్ల లెక్కన కూలి తీసుకునే మనిషి బ్యాండు వెనక నడిస్తే ఆ రోజు కూలి పోయినట్టే. ఆ సంగతి తెలిసే నడుస్తారు.

వీరిలో చాలామంది మూలాలు నల్లగొండ, వరంగల్‌, కరీంనగర్‌ చేనేత పల్లెల్లో ఉన్నాయి. చేమగ్గం కూడు పెట్టనప్పుడు షోలాపూర్‌, భివండీ, ముంబైలకు సాగిన దారే సూరత్‌కూ సాగింది. వరంగల్‌లో నవజీవన్‌ ఎక్స్‌ప్రెస్‌ ఎక్కితే భుసావల్‌, నందుర్‌బార్‌ల మీదుగా తాపీ తీరానికి చేరేవాళ్లు. ముందొచ్చిన బావమరిది గదిలో నలుగురు, తర్వాత ఎనిమిది మంది. ఇక్కడి సాంచాల మీద ఒడిశా గంజాం జిల్లావాళ్లూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. లింబాయత్‌లో పక్కింట్లో మరాఠీ, ఎదురింట్లో ఉర్దూ వినిపిస్తాయి.

చిత్రమైన సంగతొకటి. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచినప్పుడు, సిరిసిల్ల సాంచాలు గడువులోగా అన్నీ నేయలేవని మిగతావి సూరత్‌ నుంచి తెప్పించారు. నాణ్యత లేదంటూ కొన్నిచోట్ల ఆడవాళ్లు చీరలు తగలబెట్టారు. సొంతూళ్లో కాలిన ఆ చీరల్లో లింబాయత్‌ తెలుగు చేతులు నేసినవి ఎన్నో ఎవరు చెప్పగలరు?

ఈ నగరం తన పనివాళ్లను ఇంటిదారి పట్టించిన సందర్భాలున్నాయి. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్‌ విడిచి పారిపోయారు. 2006 ఆగస్టులో తాపీ పొంగి నగరంలో చాలా భాగాన్ని ముంచింది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌ వేళ సాంచాలు ఆగిపోతే, ఊరికి పంపండంటూ వలస కార్మికులు రోడ్డెక్కారు. ఇలాంటి ప్రతి దెబ్బ తర్వాతా ఎందరో తిరిగొచ్చారు. ఊళ్లో మగ్గం గుంట పూడిపోయాక వెళ్లి చేసేదేముంది?

అసలు బెంగ పిల్లల గురించే. సూరత్‌ నగరపాలక సంస్థ బడులు ఏడు మాధ్యమాల్లో నడుస్తాయి, వాటిలో తెలుగు ఒకటి. వలసపేటకు ఇది చిన్న గౌరవం కాదు. కానీ ఇక్కడే పుట్టిన పిల్లాడికి ఉద్యోగం గుజరాతీలోనో ఇంగ్లిష్‌లోనో దొరకాలి. తాత తెలుగులో పిలిస్తే మనవడు హిందీలో పలుకుతాడు. కొడుకు సాంచా పట్టకూడదనే తండ్రి పన్నెండు గంటలు నిలబడేది. ఆ కోరిక తీరిన ఇళ్లే ముందు లింబాయత్‌ దాటి కొత్త కాలనీలకు వెళ్లిపోతాయి.

బ్యాండుకూ పోటీ వచ్చింది. కుర్రాళ్లకు డీజే బండి కావాలి. నాలుగు స్పీకర్లు కట్టిన లారీకి ఊపిరి ఆడకపోవడం ఉండదు, బాకా ఊదేవాడికి ఉంటుంది. డీజేలో ఏ తెలుగు పాటైనా తప్పు లేకుండా దొరుకుతుంది కూడా. అయితే లారీని ఆపి రాగం తీసి వినిపించే పెద్దాయనకు అక్కడ పని లేదు. నాకైతే చరణాలు తప్పినా ఆ బ్యాండే నచ్చింది.

రథం తిరిగొచ్చేసరికి చీకటి పడింది. ఇస్త్రీ చొక్కాలు విప్పేసి రాత్రి పాళీ వాళ్లు టిఫిన్‌ డబ్బాలతో బయల్దేరారు. గల్లీ చివర బ్యాండువాళ్లు బాకాలు బోర్లించి ఉమ్మి దులుపుకుంటున్నారు. పెద్దాయన వాళ్లకు టీ చెప్పి, వచ్చే ఏడాదికల్లా ఆ రెండు చరణాలూ నేర్చుకోమని మాస్టరును పట్టుకున్నారు. పక్క గల్లీలో సాంచాలు మొదలయ్యాయి. మాస్టరుకు వినపడక చెయ్యి చెవికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దాయన గొంతు పెంచి మళ్లీ మొదటి నుంచి రాగం ఎత్తుకున్నారు.