ఎండ ఉంటేనే పలికే బొమ్మలు

మా ప్రొద్దుటూరు వైపు మిషనరీల గుర్తు అంటే ముందు చెప్పేది ఆసుపత్రినే. పందొమ్మిదో శతాబ్దం చివర లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు జమ్మలమడుగులో మొదలుపెట్టిన వైద్యం క్యాంప్‌బెల్ ఆసుపత్రిగా నిలిచింది. ఇటు ప్రొద్దుటూరు, అటు పులివెందుల దాకా దాని పేరు తెలియని పాతకాలపు ఇల్లు అరుదు. ఆ మిషన్ సంప్రదాయంలో గుడికి అలంకారం తక్కువ. రంగు గాజులో బొమ్మలు కట్టి జ్ఞాపకం నిలిపే పద్ధతిని కళ్లారా చూడాలని మెదక్ చర్చికి బయల్దేరాను. మగ్గం మీద జీవితమంతా గడిపిన మా మామ కూడా వెంట వచ్చాడు.

హైదరాబాదు దాటి నర్సాపూర్ అడవి మీదుగా పోతే సుమారు వంద కిలోమీటర్లు. ఊరు ఇంకా రాకముందే 175 అడుగుల గోపురం కనిపిస్తుంది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టించాడు. కరువు రోజుల్లో చుట్టుపక్కల పల్లెల జనానికి ఈ కట్టడమే కూలీ, కూడూ అయింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది.

బయట నిలబడి చూస్తే ఆ కిటికీల్లో ఏమీ లేదు. నల్లటి గాజు, సీసపు గీతలు, అంతే. లోపలికి అడుగుపెట్టి తల ఎత్తితే గానీ సంగతి తెలియదు. ప్రభువు బల్ల వెనక క్రీస్తు ఆరోహణం, రెండు రెక్కల్లో ఒకవైపు జననం, మరోవైపు సిలువ. మూడూ ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసినవే. ఇంగ్లండు రాజకుటుంబం బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న ఈ చిత్రకారుడు చిన్నతనంలో పని నేర్చుకున్నది అన్న నడిపిన రంగుగాజు కార్ఖానాలో. ఆరోహణం కిటికీ 1927లో, జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. చివరిది వచ్చేనాటికి ఆయనకు ఎనభై దాటాయి.

మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఒరే అల్లుడూ, ఈ రంగు పైన పూసింది గాదురా. నూలుకే రంగు పట్టించి నేసినట్టుండాది” అన్నాడు.

నిజమే. గాజు కరిగి ఉన్నప్పుడే అందులో లోహాల భస్మాలు కలుపుతారు. కోబాల్టుతో నీలం వస్తుంది, రాగితోనో బంగారంతోనో ఎరుపు వస్తుంది. రంగు గాజు ఒంట్లోనే ఉంటుంది. ముక్కలను బొమ్మ ప్రకారం కోసి, సీసపు పట్టీల మధ్య ఇరికించి కలుపుతారు.

“మరి కండ్లూ, ముక్కూ?”

“అవి పైన గీసి బట్టీలో కాలుస్తారు మామా.”

“అంటే ఒళ్లంతా నేత, మొగం ఒక్కటే అచ్చు” అని తేల్చేశాడు.

ఆ మాట విన్నాక నాకూ చూపు మారింది. పట్టీ ఎక్కడ పడిందో వెతకసాగాను. నిపుణుడు సీసాన్ని బట్ట అంచు వెంబడో, మడత వెంబడో నడిపిస్తాడు, అతుకు కూడా బొమ్మలో గీతే అయిపోతుంది. మబ్బు కమ్మినప్పుడు నీలం చిక్కబడింది, ఎరుపు అణిగింది. మబ్బు తొలగగానే రెండూ లేచి నిలబడ్డాయి. పొద్దు గుంకితే లోపలివాళ్లకు అది గోడతో సమానం. వెళ్లదలచినవాళ్లు పొద్దుండగానే వెళ్లాలి.

నేను గాజు దగ్గరే ఆగిపోతే మామ బల్ల మీది గుడ్డ దగ్గరికి పోయాడు. ఆకుపచ్చ గుడ్డ. అక్కడ సర్దుతున్న పెద్దావిడను రంగు గురించి అడిగాడు. “గిది మామూలు రోజులకు. శ్రమకాలంల ఊదా ఏస్తం, ఈస్టర్‌కు, క్రిస్మస్‌కు తెల్లది, పెంతెకొస్తుకు ఎర్రది” అని చెప్పింది.

గాజు ఏడాదంతా ఒకే మాట చెబుతుంది, ఇప్పుడు ఏ కాలం నడుస్తోందో గుడ్డే చెప్పాలి. ఈ రంగుల లెక్క మా జమ్మలమడుగుకూ చెల్లుతుంది. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అక్కడి లండన్ మిషన్ సంఘాలూ, ఇక్కడి మెథడిస్టు సంఘాలూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. జననం కిటికీ వచ్చిన ఏడాదే అది.

మామ జానతో గుడ్డ కొలిచి, “పన్నా పెద్దది. మా మగ్గాల మీద రాదు, అతుకెయ్యాల” అన్నాడు. మళ్లీ, “ఎవురమ్మా దీన్ని ఉతికేది?” అని అడిగాడు.

“మేమే. వంతులేసుకుంటం.”

కిటికీలు గీసినవాడి పేరు పుస్తకాల్లో ఉంది. గుడి కట్టించినవాడి పేరు ఊరంతా చెబుతుంది. వంతుల మీద గుడ్డ ఉతికేవాళ్ల పేర్లు ఏ కిటికీ మీదా ఉండవు. వందేళ్లు దాటిన ఈ కట్టడం చూసిపోయే వింతగా మిగలకుండా ఇంకా గుడిగా నడుస్తున్నదంటే ఆ చేతుల వల్లే.