తాళం తీసిన ఫోను

2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్లను ఆపి, ఫోన్లు తెరిపించి, చాటింగుల్లో ‘గంజాయి’ అని కొట్టి వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. ‘గంజాయివనంలో తులసిమొక్క’ అని మేనల్లుణ్ణి మెచ్చుకుంటూ నేను పెట్టిన మెసేజీ కూడా ఆ వలలో పడుతుంది కదా అనుకున్నాను.

అప్పటికి నాలుగేళ్ల క్రితమే, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. నడిరోడ్డు మీద ఆ తీర్పు గుర్తుచేసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? నేను లినక్స్ వాడతాను, కబుర్లకు సిగ్నల్ యాప్ పెట్టుకున్నాను. ఎన్‌క్రిప్షన్ సందేశాన్ని దారిలో కాపాడుతుంది. తాళం తీసి ఫోను ఎదుటివాడి చేతిలో పెట్టాక అది చేసేదేమీ లేదు.

గంజాయి మంచిదని నేననను. మన్యంలో దాన్ని పండించే గిరిజన రైతు, మోసే కుర్రాడు జైలుకెళ్తారు. పెట్టుబడి పెట్టినవాడు దొరకడం అరుదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి తాగితే ఆరు నెలల దాకా శిక్ష పడొచ్చు. పూత లేని ఒట్టి ఆకు మాత్రం ‘గంజాయి’ నిర్వచనంలోకే రాదు, అందుకే ఉత్తరాదిన భాంగ్‌కి లైసెన్సు కొట్లున్నాయి. అదే చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. చికిత్సకు తానై ముందుకొచ్చిన వ్యసనపరుడికి విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. కాలేజీ గోడల మీద హెచ్చరిక పోస్టర్లు అంటించేవాళ్లు ఈ సెక్షన్ గురించి కూడా రెండు ముక్కలు రాయొచ్చు.