ఖాళీ అనుకున్న తుపాకి

కుటుంబ పత్రికలో తుపాకిని గూర్చిన మాటలేమిటని పాఠకులు అనుకోవచ్చు. అయితే మన పిల్లలు అనేకులు ఈనాడు అమెరికాలో కాపురాలు చేస్తున్నారు. అక్కడ తుపాకి అంటే పోలీసు స్టేషనులోనో సరిహద్దులోనో కనిపించే వస్తువు కాదు. బంతులు, గుడారాలు, చేపల గాలాలు అమ్మే దుకాణంలోనే ఒక పక్క గోడకు వరుసగా నిలబెట్టి ఉంటుంది. ధర చీటీ వేలాడుతూ ఉంటుంది. కనుక కొనాలా వద్దా అనే ప్రశ్న ఏదో ఒక రోజు వాళ్ల భోజనాల బల్ల దగ్గరకు వచ్చి కూర్చుంటుంది. మా అమ్మాయి ఇంటికీ వచ్చింది.

మా అమ్మాయి, అల్లుడు టెక్సస్ రాష్ట్రంలో డల్లాసుకు ఉత్తరాన ఉంటారు. వారికి ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడికి తొమ్మిదేళ్లు, చిన్నవాడికి ఆరు. గ్రీన్ కార్డు వచ్చిన తరువాత నేనూ మా ఇంటావిడా వాళ్ల దగ్గరే ఉంటున్నాము. అల్లుడు ఉద్యోగరీత్యా నెలలో కొన్ని రాత్రులు ఊళ్లో ఉండడు. పోయిన చలికాలంలో మా వీధిలో ఒకే రాత్రి మూడు కార్ల అద్దాలు పగిలాయి. నాలుగిళ్ల అవతల ఎవరో వెనుక తలుపు పెళ్లగించబోయారు. ఆ రాత్రి అల్లుడు ఊళ్లో లేడు. అతడు తిరిగి వచ్చిన దగ్గరనుండి కంప్యూటరు ముందు కూర్చుని తుపాకుల ధరలు చూడడం మొదలుపెట్టాడు.

“మూడువందల డాలర్లకు అటూ ఇటూగా ఒకటి ఉంది మామయ్యగారూ. పన్నెండు బోరు, పంపు తుపాకి. మేగజీను తగిలించుకునేది. నేను లేనప్పుడు మీరున్నారుగదా, మీరు కూడా చూస్తే బాగుంటుంది” అన్నాడు.

నేను 1970లలో కాలేజీలో ఎన్.సి.సి. కేడెట్‌ని. పాయింట్ టూటూ రైఫిలుతో పడుకుని కాల్చినవాణ్ణే తప్ప ఇటువంటిది ముట్టి ఎరుగను. మా అమ్మాయి మాత్రం అవునని గాని కాదని గాని అనలేదు. “ముందు అద్దెకు తీసుకుని కాల్చి చూడండి. తరువాత మాట్లాడదాం” అంది. అలా ఒక శనివారం ఉదయం ఊరి బయట ఉన్న ఒక షూటింగ్ రేంజికి బయలుదేరాము. అల్లుడి చిన్నాన్నగారి అబ్బాయి కూడా సరదాగా మాతో వచ్చాడు.

అతడి సరదా గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అతడు హెచ్-1బి వీసా మీద ఉన్నాడు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి గాని తూటా గాని తమ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గాని అవి లేనప్పుడు రేంజిలో అద్దె తుపాకిని ఒక్క నిమిషం చేత పట్టుకున్నా నేరమే. విజిటర్ వీసా మీద వెళ్లే తల్లిదండ్రులకూ ఇది వర్తిస్తుంది. స్నేహితుడు పిలిచాడని వెళ్లి, ఫోటో దిగి, దానిని నలుగురికీ పంపే మన కుర్రవాళ్లకు ఈ సంగతి తెలియాలి. ఆ అబ్బాయి బుద్ధిమంతుడు గనుక ఫ్లాస్కులో టీ తీసుకుని బయట బెంచీ మీద కూర్చున్నాడు.

లోపల రేంజి ఆఫీసరు మమ్మల్ని నిలబెట్టి పావుగంట మాట్లాడాడు. అరవై దాటిన మనిషి, గొంతు పెంచకుండా చెబుతాడు. ప్రతి తుపాకీ నిండి ఉన్నదనే అనుకోవాలి. నాశనం చేయదలచని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. గురి ఏమిటో, గురి వెనుక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. ఈ నాలుగూ జెఫ్ కూపర్ అనే శిక్షకుడు ప్రచారంలోకి తెచ్చిన నియమాలట. కాల్పులు ఆపమని కేక వినిపిస్తే తూటాలు తీసి, తుపాకి తెరిచి బల్లమీద పెట్టి, రెండడుగులు వెనక్కి రావాలి. ఆ తరువాత ఎవరూ దానిని తాకకూడదు. అంతా విని అల్లుడు తల ఊపాడు. పరీక్షల్లో ఎప్పుడూ మొదటివాడుగా వచ్చినవాడు. నాలుగు నియమాలూ వెంటనే అప్పజెప్పాడు కూడా.

ఇక ఆ తుపాకిని గూర్చి చెబుతాను. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కొక్క గుండు ఎంత లావుంటుందో, ఈ గొట్టం లోపల అంత వెడల్పు ఉంటుంది. పన్నెండు బోరు అనే పేరు అలా వచ్చింది. మన లెక్కలో పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. గొట్టం కింద చేత్తో పట్టుకునే పిడి ఉంటుంది. దానిని వెనక్కి లాగితే కాల్చిన తూటా గుల్ల బయటికి ఎగిరిపడుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి వెళ్లి కూర్చుంటుంది. సైకిలుకు గాలి కొట్టినట్టు ఉంటుంది గనుక పంపు అన్నారు. ఇది కొత్త ఏర్పాటు కాదు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ నమూనా 1897 నాటిది. దానిని మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు కందకాల్లో వాడితే 1918లో జర్మనీ అభ్యంతరం తెలిపింది కూడా.

పాత పంపు తుపాకుల్లో తూటాలను గొట్టం కిందనున్న మరో సన్నని గొట్టంలోకి ఒక్కొక్కటిగా నెట్టాలి. అల్లుడు చూసినదానిలో అడుగున పెట్టెలాంటి మేగజీను ఉంటుంది. అయిదు తూటాలు దానిలో ముందే నింపి ఒక్కసారిగా తగిలించవచ్చు, ఒక్కసారిగా ఊడదీయవచ్చు. 2018లో రెమింగ్టన్, మాస్‌బర్గ్ వంటి పెద్ద కంపెనీలు ఇటువంటివి తెచ్చాయి. చవక రకాల్లో చాలా భాగం టర్కీ దేశం నుండి వస్తాయి. అక్కడ కొన్యా రాష్ట్రంలో తుపాకుల తయారీయే బ్రతుకుతెరువుగా ఉన్న ఊళ్లున్నాయి.

చవక కదా అని తీసిపారేయడానికి లేదు. పని చేసింది. మేగజీను మాత్రం కొత్తది గనుక బిగువుగా ఉంది. అరచేత్తో కింద నుండి గట్టిగా తడితే గాని కూర్చోలేదు. నిండిన పెట్టె కింద వేలాడుతుంటే తుపాకి బరువు ముందుకు లాగుతుంది. ప్లాస్టిక్ గుల్ల తూటాలను అలా స్ప్రింగు ఒత్తిడిలో చాలాకాలం నింపి ఉంచితే అవి నొక్కుకుపోయి సరిగా ఎక్కకపోవచ్చని ఆఫీసరు చెప్పాడు. అంటే, నింపి మూలన పెట్టి మరచిపోవడానికి ఇది అంత అనువైన వస్తువు కాదన్నమాట.

మొదట పిట్టలు కొట్టే సన్న రవ్వల తూటాలు ఇచ్చారు. ఎడమకాలు ముందుకు వేసి, ఒళ్లు కాస్త ముందుకు వంచి, తుపాకి మడమను భుజం గుంటలో బిగించి కాల్చాను. చెవుల్లో దూది వంటి బిరడాలు, పైన మఫ్లు ఉన్నా ఆ చప్పుడు రొమ్ములో వినబడింది. షాట్‌గన్ చప్పుడు 150 డెసిబెళ్లు దాటుతుంది. ఏ రక్షణా లేకుండా ఒక్కసారి విన్నా చెవికి శాశ్వత హాని జరగవచ్చు. తరువాత బక్‌షాట్ అనే పెద్ద గుండ్ల తూటాలు కాల్చాము. ఒక్కొక్క దానిలో తొమ్మిది గుండ్లు. భుజం మీద ఎవరో పిడికిలితో గుద్దినట్టయింది. మూడింటితో నాకు చాలనిపించి అల్లుడికి ఇచ్చాను.

అతడికి చక్కగా కుదిరింది. రెండో మేగజీను నింపుకుని వరుసగా నాలుగు కాల్చాడు. నాలుగూ కాగితం మధ్యలోనే పడ్డాయి. నాలుగోది కాల్చి, అలవాటు పడిన చేయి గనుక, పిడిని లాగి తోశాడు. సరిగ్గా అప్పుడే కాల్పులు ఆపమని కేక వినబడింది. అల్లుడు మీట నొక్కి మేగజీను ఊడదీశాడు. ఖాళీ. దానిని ఎడమచేత్తో పైకెత్తి చూపిస్తూ, ముఖమంతా నవ్వుతో, “చూశారా మామయ్యగారూ!” అని నావైపు తిరగబోయాడు. కుడిచేతిలోని తుపాకి కూడా అతడితోపాటు తిరిగింది.

ఆ ముసలాయన ఎప్పుడు వచ్చాడో తెలియదు. అరచేత్తో గొట్టాన్ని పక్కకు నెట్టి కాగితాలవైపే ఉంచాడు. కోపపడలేదు. “నిండి ఉందా?” అని మాత్రం అడిగాడు. “లేదండీ, మేగజీను తీసేశాను” అన్నాడు అల్లుడు. ఆయన పక్కనున్న చిన్న బొత్తాం నొక్కి పిడిని వెనక్కి లాగాడు. ఎర్రని తూటా ఒకటి ఎగిరి సిమెంటు నేల మీద పడి, దొర్లుతూ నా బూటు దగ్గరకు వచ్చి ఆగింది. కాల్చని తూటా.

కొంతసేపు ముగ్గురమూ దానివైపే చూస్తూ నిలబడ్డాము.

ఆయన చెప్పినది ఇది. పెట్టె ఊడి చేతికి రాగానే మనసు తుపాకి ఖాళీ అయిందని నమ్మేస్తుంది. కంటికి కనిపించే పెట్టె ఖాళీయే. కాని చాంబరు అనే గది వేరే ఉన్నది. పిడిని ముందుకు తోసిన ప్రతిసారీ ఒక తూటా ఆ గదిలోకి వెళ్లి కూర్చుంటుంది. పెట్టె తీసినా అది అక్కడే ఉంటుంది. కాబట్టి పెట్టె తీసిన తరువాత గది తెరవాలి, కంటితో చూడాలి, వేలు పెట్టి తడమాలి. మా ఎన్.సి.సి. హవల్దారు “ఖాలీ కర్” అని అరిచినప్పుడల్లా బోల్టు లాగి చూపించేదాకా ఎందుకు వదిలేవాడు కాదో నాకు యాభై ఏళ్ల తరువాత బాగా అర్థమైంది.

వచ్చేముందు ఆయన మరొకటి చూపించాడు. షాట్‌గన్ అయితే గురి అక్కరలేదు, ఆ వైపు తిప్పి కాలిస్తే చాలని చాలామంది అనుకుంటారు. అయిదు గజాల నుండి కాల్చిన కాగితం చూస్తే తొమ్మిది గుండ్లూ కలిసి నా అరచేయి పట్టేటంత మేర మాత్రమే చిల్లులు చేశాయి. ఒక పడకగదిలో ఉండే దూరం అంతే కదా! తప్పితే పూర్తిగా తప్పుతుంది. తప్పిన గుండ్లు ఎక్కడికి పోతాయి? అమెరికా ఇళ్లలో లోపలి గోడలు మన ఇటుక గోడలు కావు. చెక్క చట్రానికి రెండు పక్కలా జిప్సం పలకలు కొట్టినవి. బక్‌షాట్ గుండ్లు అటువంటి గోడను దాటి ఇంకా అవతలికి పోగలవు. మా అమ్మాయి ఇంట్లో మెట్ల మీద నుండి వచ్చేవాడివైపు కాలిస్తే ఆ గోడకు అవతల ఉండేది పిల్లల మంచాలు.

ఇంటికి రాగానే చేతులు, ముఖం సబ్బుతో కడుక్కున్నాము. సీసపు దుమ్ము ఒంటిమీద ఉంటుంది గనుక పిల్లలను ఎత్తుకునే ముందు బట్టలు కూడా మార్చుకోవాలని చెప్పి పంపారు. రాత్రి పిల్లలు నిద్రపోయిన తరువాత అల్లుడే జరిగినదంతా దాపరికం లేకుండా భార్యకు చెప్పాడు. అందుకు అతణ్ణి నేను ఎంతో మెచ్చుకున్నాను.

మా అమ్మాయి కోపగించుకోలేదు. ఒక్క ప్రశ్న వేసింది. “మీరు చదువుకున్నవారు. పక్కనే ఆఫీసరు ఉన్నాడు. నియమాలు అప్పజెప్పి గంట కూడా కాలేదు. అయినా ఇలా జరిగింది. రాత్రి రెండు గంటలకు, నిద్రమత్తులో, భయంలో, పక్కన ఎవరూ లేనప్పుడు మీకైనా నాన్నకైనా ఎలా ఉంటుంది?”

అల్లుడు, తాళం వేసిన ఇనుప పెట్టెలో పెట్టి, తూటాలు వేరే తాళంలో ఉంచుదామన్నాడు. పిల్లల వైద్యులు చెప్పేది కూడా అదే. తుపాకి ఖాళీ చేసి, తాళంలో, తూటాలు వేరే తాళంలో. టెక్సస్ చట్టం కూడా పదిహేడేళ్ల లోపు పిల్లలకు నిండిన తుపాకి అందేలా ఉంచడాన్ని 1995 నుండి నేరంగా పరిగణిస్తున్నది. “అంత భద్రంగా పెడితే ఆ అర్ధరాత్రి మీకు అందదు. అందేలా పెడితే పిల్లలకూ అందుతుంది” అంది అమ్మాయి. వేలిముద్రతో తెరుచుకునే పెట్టెలున్నాయని అతడన్నాడు. అవీ లెక్క వేశారు. మంచి పెట్టె, తూటాలు, శిక్షణ, నెలనెలా అభ్యాసం అన్నీ కలిపితే మూడువందల తుపాకి ఖరీదు ఎన్నో రెట్లు దాటింది. ఆ తరువాత నేను ఒక్క మాటే చెప్పాను. 2020లో అమెరికాలో ఒకటి నుండి పంతొమ్మిదేళ్ల వయసువారి మరణాలకు కారణాల్లో తుపాకి కారు ప్రమాదాలను దాటి మొదటి స్థానానికి వచ్చింది. పెద్దలను కూడా కలిపి చూస్తే ఆ దేశపు తుపాకి మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మనం దొంగను తలచుకుని కొంటాము. ఇంట్లో దానితో ఎక్కువకాలం కలిసి ఉండేది మన పిల్లలు, మన దిగులు, మన కోపం.

చివరికి వారు కొనలేదు. వెనుక తలుపుకు గట్టి గడియ వేయించి, చట్రానికి పొడుగాటి మరలు బిగించారు. మనిషి కదిలితే వెలిగే దీపాలు పెట్టించారు. అల్లుడు లేని రాత్రులు పక్కింటివారికి చెప్పి ఉంచుతున్నారు. అల్లుడు మాత్రం నెలకొకసారి అదే రేంజికి వెళ్లి, అదే ముసలాయన దగ్గర నేర్చుకుంటున్నాడు. అది తప్పు కాదు. మా వీధిలోనే తుపాకులు ఎంతో జాగ్రత్తగా, క్రమశిక్షణతో ఉంచుకునే కుటుంబాలున్నాయి. ఎవరి ఇంటి లెక్క వారే వేసుకోవాలి. పిల్లలున్న మా ఇంటికి లెక్క ఇలా తేలింది.

అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినది మరొకటి ఉన్నది. మీ ఇంట్లో తుపాకి లేకపోయినా మీ పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో ఉండవచ్చు. “మా వాడికి వేరుశెనగ పడదండీ” అని చెప్పినంత మామూలుగా, “మీ ఇంట్లో తుపాకి ఉందా? తాళంలో ఉందా?” అని అడగండి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా అడగమనే సలహా ఇస్తున్నది. మా అమ్మాయి ఇప్పుడు అడుగుతున్నది. ఇంతవరకు ఎవరూ నొచ్చుకోలేదు. ఒక ఇంటావిడ అయితే “తాళంలోనే ఉంటుందండీ, ఎందుకైనా మంచిది, చూసి వస్తాను” అని లోపలికి వెళ్లింది.