మెథూయెన్ ఆర్గను

గత వేసవి సెలవులలో మావారును నేనును అమెరికాదేశమున బోస్టను నగరమందున్న మా అన్నగారి యింట నెలదినము లుంటిమి. ఒకనాటి సాయంకాలము మా వదినగారు సమీపమున నున్న మెథూయెన్ పట్టణమునకు ఆర్గను కచేరీకి మమ్ము గొనిపోయిరి.

ఎఱ్ఱని యిటుకల మందిరములో నడుగిడినంతనే, ఎదుటిగోడ యంతయు నిండి, చెక్కడపు బొమ్మలతో, తళతళలాడు గొట్టములతో నొక వాద్యము గానవచ్చెను. గాలిగోపురమే లోన వెలసినదా యనిపించెను! మన హార్మోనియమున గాలికి రీడులు పలుకును. ఇందు వేలకొలది గొట్టములు మురళులవలె మ్రోగును. వాయించువారు చేతులతోనేగాక పాదములతోను మెట్లు నొక్కుదురు.

జర్మనీదేశపు వాల్కరు నిర్మించిన యీ వాద్యమును 1863లో, అంతర్యుద్ధము సాగుచుండగనే, బోస్టను సంగీతశాలలో నెలకొల్పిరి. ప్రారంభదినమున వాయించిన జాన్ నోల్సు పెయిను జర్మనీలో విద్యనేర్చినవాడు. 1875లో హార్వర్డున సంగీతాచార్యుడయ్యెను. 1871 నాటి షికాగో అగ్నిప్రమాదమున ఇల్లు గోల్పోయిన డడ్లీ బక్కును బోస్టను చేరి దీనిని వాయించెను. పరదేశపు శాస్త్రమును స్వదేశపు పాటకు జోడించుట వీరి మార్గము. చార్లెసు ఐవ్సు 1891లో, పదునేడవయేట, 'అమెరికా' యను దేశభక్తిగీతముపై చమత్కారమగు కల్పనలు రచించెను.

అంతటి వాద్యమును, వేదికపై వాద్యబృందమునకు చోటు చాలదని 1884లో విప్పివేసి కొట్టమున బడవేసిరి. 1897లో సెర్ల్సు అను ధనికుడు వేలమున గొని, దానికొఱకే యీ మందిరము గట్టించి, 1909లో మరల పలికించెను.

ఆనాటి కచేరీలో నా మనసు దోచినది ఫ్లారెన్సు ప్రైసు 1942లో వ్రాసిన కృతి. ఆమె నల్లజాతి వనిత. బోస్టనులోనే ఆర్గను నేర్చి 1906లో పట్టము పొందెను. షికాగోలో మూకచిత్రములకు వాయించి బిడ్డలను బోషించుకొనెను. 1953లో ఆమె గతించెను. ఆమె వ్రాతప్రతు లనేకములు 2009లో నొక పాడుపడిన యింట దొరకెను.

ఈ సంగతి వినగనే మా నాయనమ్మగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆమె స్వయముగా గట్టిన మంగళహారతుల పుస్తకమును, ఇల్లు సర్దునపుడు, పాతకాగితములతో తూకమునకు వేసినది నేనే. ఒక్క పాటయైన నాకు పూర్తిగా రాదు.

సోదరీమణులారా! మీ పెద్దల పెట్టెలను తీసివేయుటకు ముందొకమారు తెఱచి చూడుడు.