పులికాట్ షికారుకి పడవ ఎంచుకోవడం ఎలా?

చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూస్తాం. వంకాయలు ఏరేటప్పుడు ఒక్కొక్కటీ తిప్పి, పుచ్చుందేమోనని పరీక్షగా చూస్తాం. కుక్కర్ కొంటే గ్యాస్కెట్ లాగి చూడందే డబ్బు చేతికివ్వం. మరి పిల్లల్నీ, పెద్దవాళ్లనీ, కట్టుకున్నాయన్నీ ఒకేసారి ఎక్కించే పడవ విషయంలో ఏం చేస్తాం? రేవులో ఎవరో 'రండమ్మా రండి' అంటారు. మనం ఎక్కేస్తాం. అంతే!

ఈ చలికాలం సెలవుల్లో పులికాట్ సరస్సుకి వెళ్లాలనుకునే అక్కచెల్లెళ్లు చాలామందే ఉంటారు. అందుకే ఈసారి చూడవలసిన వింతలతోపాటు, ఆ వింతల దగ్గరికి తీసుకెళ్లే పడవ గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకుందాం.

అమెరికా పడవలు, మన పడవలు

అమెరికాలో ఉన్న అమ్మాయో అబ్బాయో ఫోన్లో పంపిన వీడియో మీరూ చూసే ఉంటారు. ముందు పడవ దూసుకుపోతుంటుంది. దానికి కట్టిన తాడు పట్టుకుని మన మనవడు కాళ్లకి చెక్కలు తగిలించుకుని నీళ్ల మీద జారుతుంటాడు. దాన్ని వాటర్ స్కీయింగ్ అంటారు. 1922లో మిన్నెసోటా రాష్ట్రంలోని పెపిన్ సరస్సు మీద రాల్ఫ్ శామ్యుల్‌సన్ అనే కుర్రాడు మొదలుపెట్టిన ఆట ఇది. రెండు కాళ్లూ ఒకే పలక మీద బిగించుకుంటే అది వేక్‌బోర్డింగ్.

అక్కడ సొంతానికి పడవ కొనుక్కునే కుటుంబాలు ఎంత ఆలోచిస్తాయో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. చెక్కల మీద జారడానికి వెనకాల అల తక్కువగా లేచే పడవ కావాలి. పలక మీద ఎగరడానికైతే అల పెద్దదిగా లేవాలి. అందుకని ఆ పడవ లోపలి తొట్లలో కావాలనే నీళ్లు నింపి బరువు పెంచుతారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందువైపు కూడా గోడకట్టు, కూర్చునే చోటు ఉన్న పడవ తీసుకుంటారు. నడిపేవాడు ముందుకి చూస్తుంటే, తాడు చివర ఉన్న మనిషిని కనిపెట్టడానికి ఇంకొకరు వెనక్కి తిరిగి కూర్చుంటారు. పడవ కదులుతుంటే, పైన ఉన్న పదమూడేళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలని అక్కడి చట్టం. మీరెప్పుడైనా పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు వాళ్లు పడవ షికారుకి తీసుకెళితే ఈ సంగతులు గుర్తుంచుకోండి. 'నాకెందుకురా ఈ జాకెట్టు' అని మొహమాటపడకండి.

ఆ ఆట మన పులికాట్‌లో ఆడలేం. చెక్కల మీద జారాలంటే కనీసం ఐదారడుగుల లోతు నీళ్లుండాలి. పులికాట్ సగటు లోతు ఒక మీటరే. పైగా అది పక్షుల రక్షిత ప్రాంతం, జాలర్లు వలలు వేసుకుని బతికే చోటు. అక్కడ హోరుమంటూ తిరిగే పడవ ఎవరికీ మంచిది కాదు. అయితే వాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది ఒకటుంది. పడవకి రంగులూ హంగులూ చూడరు. ఏ నీళ్లు, ఎంతమంది, ఏం పని... ఈ మూడూ చూసి ఎంచుకుంటారు.

సరస్సు సంగతులు

మన దేశంలో చిలకా తర్వాత అంతటి పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, కొంత తమిళనాడులో ఉంది. సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడలా నిలబడ్డదే శ్రీహరికోట దీవి. కాళంగి, ఆరణి నదులు తెచ్చే మంచినీళ్లు, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీళ్లు ఇక్కడ కలుస్తాయి. అందుకే చేపలకీ, రొయ్యలకీ, వాటిని తినే పక్షులకీ ఇది పుట్టిల్లయింది.

సూళ్లూరుపేట, తడ మండలాలు మొన్నమొన్నటి దాకా నెల్లూరు జిల్లావే. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిపారు. కాగితం మీద జిల్లా మారినా మనవాళ్ల నోట ఇంకా 'నెల్లూరు పులికాటే'. చెన్నై వెళ్లే రైలు మార్గంలోనే సూళ్లూరుపేట స్టేషన్ ఉంది. కారులో వచ్చేవాళ్లకి జాతీయ రహదారి మీదే తగులుతుంది.

అక్టోబరు నుంచి మార్చి దాకా ఫ్లెమింగోలు వస్తాయి. పొడుగు కాళ్లు, వంకర ముక్కు, గులాబీ రంగు రెక్కలు. తల కిందికి వంచి బురద నీళ్లు జల్లెడ పట్టినట్టు వడగట్టి తింటాయి. గుంపంతా ఒక్కసారి లేచిందంటే ఆకాశంలో ఎవరో గులాబీ చీర ఆరేసినట్టుంటుంది! వీటి పేరు మీదే సూళ్లూరుపేటలో 2001 నుంచి పండుగ చేస్తున్నారు, మధ్యలో కొన్నేళ్లు ఆగినా. దగ్గర్లోనే దొరవారిసత్రం వైపు నేలపట్టు చెరువుంది. గూడబాతులు అక్కడ నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పొద్దున నేలపట్టు, తర్వాత పులికాట్ పెట్టుకుంటే ఒక్కరోజులో రెండూ అవుతాయి.

పడవ భయమున్నవాళ్లు నిరుత్సాహపడక్కర్లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. నీళ్లు బాగా ఉన్న ఏడాది రోడ్డు పక్కనే పక్షులు కనబడతాయి. ఇక పడవ షికారు అంటే తడ మండలంలోని భీములవారిపాలెం రేవు పేరు చెబుతారు. ఇరకం దీవి మనుషులకి ఆ పడవలే రోజూ తిరిగే బస్సులు. మనకి అది సరదా, వాళ్లకది బతుకు.

ఆ మాటకొస్తే ఈ తీరంలో ఆడవాళ్లకి పడవ కొత్తేం కాదు. 1877-78 నాటి కరువులో కూలిపనిగా తవ్వించి పొడిగించిన బకింగ్‌హాం కాలువ నెల్లూరు తీరం వెంబడే పోతుంది. ఉప్పు, కట్టెలు, ధాన్యం మద్రాసుకి దానిమీదే చేరేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగేవాళ్లు. ఆ పడవకి తొందర లేదు. తొందరంతా మనకే వచ్చింది.

లోతు తక్కువేగా అంటారా?

'నడుం లోతే కదా, ఏమవుతుంది?' అనేది రేవుల్లో ఎక్కువగా వినబడే మాట. ఎవరి నడుం? ఆరేళ్ల పిల్లకి అది తల మునిగే లోతు. అడుగున బురద, కాలు దిగితే పైకి రాదు. పడవ తిరగబడితే దాని కిందే చిక్కుకుపోయే ప్రమాదముంది. వానలు పడ్డాక, ముఖద్వారాల దగ్గర, లోతూ లాగుడూ రెండూ పెరుగుతాయి.

ఇదే పులికాట్‌లో తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర 2011 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజు, పడవ తిరగబడి 22 మంది పోయారు. సరదాగా బయల్దేరిన కుటుంబాలవాళ్లు. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు, విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తా పడి ఇరవైమందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర 77 మందితో వెళ్లిన పడవ మునిగితే 26 మందే బయటపడ్డారు. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మంది పోయారు. అది చేపల పడవకి మార్పులు చేసి, అంతస్తు కట్టి తయారుచేసిన షికారు పడవ.

భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా. ఇలాంటి ప్రమాదాల వెనక మళ్లీ మళ్లీ కనబడేవి మూడే మూడు: పట్టేదానికన్నా ఎక్కువ జనం, ఒంటిమీద లేని జాకెట్లు, ఆ నీళ్లకి తగని పడవ. ఈ మూడూ రేవులో నిలబడి కళ్లతో చూసి తెలుసుకోగలిగినవే. ఇంజనీరు చదువు అక్కర్లేదు.

ఎక్కే ముందు చూడవలసినవి

లెక్క: పడవ మీద ఎంతమంది ఎక్కాలో రాసి ఉండాలి. లేకపోతే అడగండి. చంటిపిల్లల్ని కూడా మనిషి కింద లెక్కపెట్టండి. 'ఒళ్లో కూర్చోబెట్టుకోండి' అన్నారంటే చోటు లేదన్నమాటే.

అంచు: జనం ఎక్కాక నీళ్లకీ పడవ అంచుకీ మధ్య ఎంత ఎడముందో చూడండి. జానెడు కూడా లేకపోతే దిగిపోండి. పక్షులు కనబడగానే అందరూ ఒకవైపుకి ఒరుగుతారు. అప్పుడే నీళ్లు లోపలికొస్తాయి.

ఆకారం: వెడల్పుగా, అడుగు బల్లపరుపుగా ఉన్న పడవ తక్కువ లోతు నీళ్లలో నిలకడగా ఉంటుంది. పైన అంతస్తు కట్టి మనుషుల్ని ఎక్కించేదాని జోలికి వెళ్లకండి. బిందె మీద బిందె పెట్టుకుని నడిచే మనకి ఆ సంగతి వేరే చెప్పాలా?

ఇంజను: పిల్లలు కూర్చునే చోటికి పంకా, పెట్రోలు డబ్బా దూరంగా ఉండాలి. ఇంజను ఆగిపోతే పనికొచ్చే గడకర్రో తెడ్డో ఉండాలి. తాడు కట్టిన గాలి చక్రం ఒకటైనా కనబడాలి.

జాకెట్: ఎంతమంది ఎక్కితే అన్ని ఉండాలి. పిల్లలకి పిల్లల సైజువే కావాలి. పట్టీలు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి పైకి వచ్చేస్తే అది వదులే. కూర్చునే బల్ల కింద కుక్కిన జాకెట్ పెట్టెలో దాచిన గొడుగులాంటిది, వాన ఆగాక చేతికొస్తుంది.

కాగితం: 2021లో వచ్చిన లోతట్టు నౌకల చట్టం ప్రకారం మర పడవలకి రిజిస్ట్రేషన్, తనిఖీ పత్రం ఉండాలి. అడిగితే తప్పేం లేదు.

వేళ: పొద్దుటి పూట గాలి నెమ్మదిగా ఉంటుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరానికి తుపాన్ల కాలం. కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో విన్నారా, పడవ మాట ఆ రోజుకి మరిచిపొండి.

ఒకనాటి ముచ్చట

మేమొకసారి ఒక రేవుకి తొమ్మిదిమందిమి వెళ్లాం. పడవ మీద పన్నెండుమంది అని రాసి ఉంది. అప్పటికే ఎనిమిదిమంది కూర్చున్నారు. జాకెట్లు ఐదో ఆరో కనబడ్డాయి. నేను ఆగిపోయాను.

"ఏం కాదులేమ్మా, నడుం లోతు నీళ్లు. అట్టా భయపడితే ఎట్టా?" అన్నాడు పడవతను, నవ్వుతూనే. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. మావారు 'అందరూ ఎక్కుతున్నారు కదా' అన్నట్టు చూశారు. ఆ క్షణంలో వద్దనడం ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలీదు. మా అత్తయ్య మాత్రం గట్టు మీద చాప పరుచుకుని కూర్చుని, "కొంగలు ఎక్కడికీ పోవులే. మనం తర్వాతి దాంట్లో పోదాం" అన్నారు.

గంటసేపు కూర్చున్నాం. పిల్లలు పులిహోర తిన్నారు. వేరే పడవొచ్చింది, అందులో మేమే ఎక్కాం. అందరికీ జాకెట్లు దొరికాయి. ఇంతలో ఆ మొదటి పడవ క్షేమంగా తిరిగొచ్చింది. మావారు నా వంక చూసి నవ్వారు.

నవ్వనీయండి. మన జాగ్రత్త పనిచేసిన రోజున ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కాబట్టి అది అనవసరమనిపిస్తుంది. పాలు పొంగకముందే స్టవ్ కట్టేసినందుకు మనకెవరైనా దండ వేశారా? ఇదీ అంతే.

కట్టుకోవలసినవి, పట్టుకెళ్లవలసినవి

చుడీదార్ అయితే మేలు. చీరే కట్టుకుంటే నూలు చీర, కొంచెం ఎత్తుగా కట్టుకోండి. పైట చుట్టూ తిప్పి నడుం దగ్గర దోపి, జాకెట్ దానిమీద వేసుకోండి. పైట గాలికి వదిలితే ఇంజను వైపు ఎగిరే ప్రమాదముంది. బరువు నగలు ఇంట్లోనే ఉంచండి. ఎండకి టోపీ తప్పనిసరి, నీళ్ల మీద ఎండ రెండింతలు తగిలినట్టుంటుంది.

పులిహోర ఉదయం కలిపితే సాయంత్రం దాకా పాడవదు. దద్దోజనం మాత్రం మధ్యాహ్నం లోపు ముగించండి. పడవలో కడుపు తిప్పేవాళ్లు ఖాళీ కడుపుతోనూ, నిండా తినీ ఎక్కకూడదు. రెండు ఇడ్లీలు తిని, చిన్న అల్లం ముక్క బుగ్గన పెట్టుకోండి. తాగే నీళ్లు సరిపడా తీసుకెళ్లండి. చుట్టూ నీళ్లే అయినా చుక్క తాగలేం! ప్లాస్టిక్ కవర్లు సరస్సులో పడేయకుండా సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి. పక్షులకి దగ్గరగా పోనివ్వమని పడవతన్ని బలవంతపెట్టకండి. దూరం నుంచి చూస్తే అవి మేత మానకుండా ఉంటాయి, మనకీ ఎక్కువసేపు కనబడతాయి.

తిరిగొచ్చేటప్పుడు తాజా చేపలు దొరికితే తెచ్చుకుని, మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టండి. నెల్లూరు చేపల పులుసు మర్నాటికే రుచి అని మీకు తెలిసిందే. ఆ మర్నాడు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని, ఎన్ని ఫ్లెమింగోలు చూశామో పిల్లలు వేళ్లు చాలక తగువులాడుకుంటూ తినాలి. రేవులో మనం పడవ అంచు చూడ్డానికి ఆగిన ఆ పది నిమిషాలూ అందుకే.