కిర్రుమనే చక్రం

ఇన్‌లైన్ స్కేట్ చక్రం కిర్రుమనగానే చేయి నూనె డబ్బా మీదికే పోతుంది. ఓర్వకల్లులో ఆ పని వద్దంటాను. రాక్ గార్డెన్ వైపు గాలి లేచిందంటే ఇసుక దుమ్మే. పైపైన పోసిన నూనె ఆ దుమ్మునంతా పిలిచి బేరింగ్‌లో కూర్చోబెడుతుంది. ఇసుకలోని స్ఫటికం గట్టితనం మోస్ కొలతలో 7. దాని ముందు 22 మిల్లీమీటర్ల బయటి వ్యాసముండే 608 బేరింగ్‌లోని గుండ్లు ఎన్నాళ్లని నున్నగా ఉంటాయి? మూత ఊడదీసి, కిరసనాయిలులో కడిగి, బాగా ఆరనిచ్చి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. రెండో చుక్క దుమ్ముకే లాభం.

బేరింగ్ బాగుండీ చక్రం మొరాయిస్తే ఇరుసు బోల్టు అతిగా బిగిసిందేమో, రెండు బేరింగుల నడుమ స్పేసర్ ఉందో లేదో చూడాలి.

లోపలి అంచు ముందు అరగడం మాత్రం జబ్బు కాదు, కాలు పక్కకు తోసే తీరే అంత. అరిగిన వైపు బయటికి వచ్చేలా కుడి చక్రాలు ఎడమకు, ఎడమవి కుడికి మార్చుకోవాలి. ఇక చక్రం ఎంత మెత్తగా ఉండాలన్నది నేలను బట్టి. 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో కాంస్యాలు గెలిచిన హైదరాబాదీ అనూప్ కుమార్ యామాది కళాత్మక స్కేటింగ్, నున్నటి నేల మీది ఆట. మన గరుకు తారు మీద 78ఏ గట్టితనమున్న మెత్తటి చక్రమే కాళ్లకు సుఖం. త్వరగా అరుగుతుంది, అరగనీ.