ఊసరవెల్లి కళ్లు మూసుకున్నప్పుడు

మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పుల గురించి రాసే ఈ శీర్షికలో ఈసారి ఊసరవెల్లి ప్రస్తావన చూసి కొందరు ఆశ్చర్యపోవచ్చు. ఇది ఒక మూగజీవి అస్వస్థత గురించిన వ్యాసమే అయినా, ఇందులో ఒక వైద్యుని పొరపాటు కూడా ఉన్నది. ఆ పొరపాటు నాదే కనుక దాచకుండా చెప్పడం ధర్మమని భావిస్తున్నాను.

దసరా సెలవులకు మా మనుమడు పులివెందుల దగ్గరి మా బంధువుల చీనీ తోటకు వెళ్లాడు. వానలు పడి నేల మెత్తబడిన రోజులవి. తోట గట్టున నేలమీద నెమ్మదిగా నడుస్తున్న ఒక ఊసరవెల్లిని చూచి, అట్టపెట్టెలో పెట్టుకొని కడపకు తెచ్చాడు. మన పల్లెల్లో దానిని చూస్తేనే విషమని, అపశకునమని రాయి తీస్తారు. నిజానికి దానికి విషం లేదు. చాలామంది తొండను చూచి ఊసరవెల్లి అంటారు గాని అవి రెండూ వేరు. రెండు కళ్లను చెరొక దిక్కుకు తిప్పగలిగేది, కొమ్మను పట్టకారువలె పట్టుకొనేది, శరీరంకన్నా పొడవైన నాలుకతో పురుగును అందుకొనేది అసలైన ఊసరవెల్లి. శాస్త్రీయనామం కెమీలియో జైలానికస్.

"జేజినాయనా, దీన్ని నేను సాకుతా" అన్నాడు పిల్లవాడు. జీవకారుణ్యం నేర్చుకుంటాడులే అని ఊరకున్నాను. దోమతెరతో పంజరం చేయించి, వరండాలో గాజు కిటికీ పక్కన పెట్టించాను. ఇది నా మొదటి తప్పు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జీవికి రక్షణ కల్పించింది. దీనిని పట్టుకొనడం, ఇంట్లో ఉంచుకొనడం నేరం. చదువుకున్నవాణ్ణి, ఆ సంగతి విచారించకపోవడం నా అజ్ఞానమే.

మొదటి మూడు రోజులు మిడుతలను చక్కగా తిన్నది. నాలుగవ రోజు తిండి మానేసి, పంజరం అడుగున అట్టను ముందుకాళ్లతో గీరసాగింది. తప్పించుకోవడానికి చూస్తున్నదనుకున్నాము. పొట్ట ఉబ్బుగా ఉన్నది. మలబద్ధకం కాబోలునని నా నిర్ధారణ. గిన్నెలో నీళ్లు పెట్టాము, తాగలేదు. తరువాత తెలిసింది, అది గిన్నెలోని నీటిని గుర్తించదు. ఆకులమీది మంచుబిందువులను, వానచుక్కలను మాత్రమే నాకుతుంది.

ఏడవ రోజుకు రంగు నల్లబారింది. ఊసరవెల్లి రంగు మార్చేది కేవలం దాగుకొనడానికే అనుకుంటాము. ఎండ, చలి, భయం, కోపం అన్నీ దాని చర్మంమీద కనబడతాయి. అయితే పగలంతా ముదురురంగు వదలకపోతే అది బాధకు గుర్తు. ఎనిమిదవ రోజు కళ్లు లోతుకు పోయాయి. తొమ్మిదవ రోజు మధ్యాహ్నం అది కళ్లు మూసుకొని కొమ్మమీద వాలిపోయి ఉన్నది. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి పగటిపూట కళ్లు మూసుకోదు.

అప్పుడు నాకు భయం కలిగి, పరిచయమున్న ఒక పశువైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్లాను. ఆయన దానిని అరచేతిలో పెట్టుకొని పొట్ట తడిమి, ఎక్స్‌రే తీయించి, నా చేతికిచ్చారు. లోపల గుడ్లు ద్రాక్షగుత్తివలె కిక్కిరిసి ఉన్నాయి.

"సార్, మీ సర్వీసులో ఎన్ని కాన్పులు చేసి ఉంటారు?" అని మెల్లగా అడిగారు. నేను తలవంచుకున్నాను.

ఆడ ఊసరవెల్లి చెట్టు దిగి నేలమీద నడిచేది ముఖ్యంగా గుడ్లు పెట్టే సమయంలోనే. తేమగల నేలను తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళుతుంది. మేము పట్టుకొన్నది ప్రసవానికి చోటు వెదుక్కుంటున్న తల్లిని. అట్టను గీరినది పారిపోవడానికి కాదు, మట్టి కోసం. చోటు దొరకక గుడ్లు లోపలే నిలిచిపోతే ప్రాణాపాయం. గుడ్లతో ఉన్న ఆడది తిండి తగ్గించడం సహజమే. కాని అప్పుడు అది చురుకుగా తిరుగుతూ, తవ్వుతూ ఉంటుంది. మందకొడితనం, కళ్లు మూతపడటం, పట్టు సడలటం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

1980లలో నల్లమల అంచున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాణ్ణి. తొలిచూలు అమ్మాయిని రెండు రోజుల నొప్పుల తరువాత ఎద్దులబండిలో తెచ్చారు. "తొలిచూలు కదయ్యా, ఆలస్యమైతాదిలే అనుకుంటిమి" అన్నది అత్తగారు. కర్నూలు పెద్దాసుపత్రికి పంపాము. తల్లి బ్రతికింది, బిడ్డ దక్కలేదు. "తొమ్మిది నెలలు మోసిన తల్లిని ఇన్ని గంటలు చూస్తూ ఎట్లా కూర్చున్నారు?" అని ఆ రోజు ఆ కుటుంబాన్ని కఠినంగా నిందించాను. నలభై ఏండ్ల తరువాత అదే మాట నాకు తిరిగి వచ్చింది. వారికి చదువు లేదు, వైద్యం అందుబాటులో లేదు. నాకు రెండూ ఉన్నాయి.

పశువైద్యుడు ద్రవాలు, కాల్షియం ఇచ్చి, అటవీశాఖకు తెలియజేయమన్నారు. సిబ్బంది వచ్చారు. జరిగినది జరిగినట్లు రాసి ఇచ్చాను. కొంత తేరుకున్నాక దానిని దొరికిన చోటనే విడవడం మంచిదని నిర్ణయించి, రెండవరోజు సాయంత్రం తోట గట్టుకు తీసుకొనిపోయారు. మేమూ వెళ్లాము. అది కాసేపు కదలలేదు. తరువాత ఒక కన్ను మావైపు, ఒక కన్ను పొదవైపు తిప్పి, అడుగులో అడుగు వేసుకుంటూ కంపచెట్ల కిందికి పోయింది. గుడ్లు పెట్టిందో లేదో మాకు తెలియదు. మనుమడు ఇంటికి వచ్చేవరకు మాట్లాడలేదు.

విదేశాలలో చట్టబద్ధంగా ఊసరవెల్లులను పెంచే మన తెలుగువారికి, ఇక్కడ గాయపడిన జీవిని చూచినవారికి పనికివచ్చే గుర్తులు ఇవి. కళ్లు లోతుకుపోవడం, విసర్జనలోని తెల్లని భాగం పసుపు లేక నారింజరంగుకు మారడం నీటికొరతకు చిహ్నాలు. నోరు తెరచి ఊపిరి పీల్చడం, నోట జిగురు కనబడటం శ్వాసకోశ వ్యాధిని సూచిస్తాయి. కాళ్లు వంగిపోవడం, దవడ మెత్తబడటం, కొమ్మనుండి జారిపడటం ఎముకల బలహీనత. ఇది మన పిల్లలలో వచ్చే రికెట్స్‌కు సోదరి వంటిది. కాల్షియం, డి విటమిన్ లోపమే కారణం. గాజు గుండా వచ్చే ఎండలో డి విటమిన్ తయారుచేసే కిరణాలు దాదాపు ఉండవు. ఈ మాట మన పసిపిల్లలకూ వర్తిస్తుంది.

బలవంతంగా నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తులలోకి పోవచ్చు. పాలు, మనుషుల మందులు ఇవ్వకండి. గాలి ఆడే పెట్టెలో ఒక కొమ్మ పెట్టి, నీడలో, నిశ్శబ్దంగా ఉంచి, అటవీశాఖకు, పశువైద్యునికి తెలియజేయండి. ప్రొద్దుటూరులోను, తిరుపతిలోను పశువైద్య కళాశాలలు ఉన్నాయి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. సరీసృపాలవల్ల సాల్మొనెల్లా సోకవచ్చు. ఐదేండ్లలోపు పిల్లలను, గర్భిణులను వాటికి దూరంగా ఉంచాలి.

నోరులేని రోగి కూడా తన బాధను చెబుతూనే ఉంటుంది. ఆ ఊసరవెల్లి అయిదు రోజులపాటు అట్టను గీరి చెప్పింది. నేను వినలేదు. మీ ఇంట్లో పసిబిడ్డగాని, మంచం పట్టిన పెద్దవారు గాని, పశువు గాని తిండి మాని, అలవాటులేని పని చేస్తుంటే "చూద్దాంలే" అనకండి. ఆ పూటే ఎవరికైనా చూపించండి.